శనివారం పేజీ

దానయ్య కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే టైపు చేస్తాడు. ఎడమచేత్తో బల్ల అంచు గట్టిగా పట్టుకుంటాడు, అది ఎక్కడికో పారిపోతుందన్నట్టు. ముందు లిస్టు అనే మాట. ఒక అడ్డగీత. పార్టిషన్స్ అనే మాట. కాస్త ఖాళీ వదిలి, మళ్ళీ అడ్డగీతలు రెండు, చివర కోల్డు స్టోరేజీ పేరు. ఒక్కో అక్షరం నొక్కి, తలెత్తి, నల్లటి తెర మీద అది పడిందో లేదో చూసుకుంటాడు. తెర అంచుకు అతికించిన అట్టముక్క మీద ఆ వరసంతా పెద్దపెద్ద అక్షరాలతో రాసి ఉంది. రాసినవాడు కరీముల్లా. అందుకని దానయ్య ఆ అట్టముక్క వంక నేరుగా చూడడు. ఓరకంట చూస్తాడు.

నరసరావుపేట దాటి వినుకొండ రోడ్డులో ఉన్న ఆ మిర్చి కోల్డు స్టోరేజీలో దానయ్య మిషను ఆపరేటరుగా చేరి ముప్ఫై ఏళ్ళు. వెనకటికి చాంబరు చాంబరుకూ తిరిగి, గోడకున్న థర్మామీటరు చూసి పుస్తకంలో రాసేవాడు. రెండేళ్ళ కిందట హైదరాబాదు నుంచి కంపెనీవాళ్ళు వచ్చి ప్రతి చాంబరులో అరచేయంత పెట్టెలు బిగించి పోయారు. అవి నిమిషానికొకసారి లోపలి చల్లదనం ఎంతో కొలిచి ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్లకు పంపుతాయి. అలా పోయేదాన్ని స్ట్రీము అంటారట. అది ఒకటే ధారగా పోదు, భాగాలుగా విడిపోయి పోతుంది. ఒక్కో భాగం ఒక పార్టిషను. సున్నా అంటే అమ్మోనియా మిషను గది. ఒకటి నుంచి నాలుగు దాకా నాలుగు చాంబర్లు. పొద్దున్నే కమాండు కొట్టి అవన్నీ వరసగా ఉన్నాయో లేదో చూసి పుస్తకంలో ఎక్కించాలి. పని అంతే.

"సాగర్ కాలవ మేజర్లుగా చీలి పారినట్టే దానన్నా. మీ నాయన లస్కరే గదా, ఇది నీకు నేను చెప్పాలా?" అన్నాడు కరీముల్లా మొదటిరోజున. మంచిమాటే. కానీ తన తండ్రి తూములు ఎత్తిన కాలవను తీసుకొచ్చి తనకే పాఠం చెప్పడం దానయ్యకు మింగుడుపడలేదు. అది ఇప్పటికీ గొంతులోనే ఉంది.

కరీముల్లా తనకంటే ఎనిమిదేళ్ళు వెనక వచ్చినవాడు. అమ్మోనియా కారితే ముందు కళ్ళకు తెలుస్తుందా ముక్కుకు తెలుస్తుందా అన్నది తనే నేర్పాడు. తేమ పట్టిన టిక్కీని, అంటే మిర్చి బస్తాను, వాసనతో పట్టడం తనే నేర్పాడు. ఈ కంప్యూటరు వచ్చిన వారానికి కరీముల్లా రెండు చేతులతో టైపు కొట్టడం మొదలుపెట్టాడు. నెల తిరక్కుండా ఇన్‌ఛార్జి అయ్యాడు. మెత్త ఉన్న కుర్చీ అతనికి వచ్చింది. టీ గ్లాసు ముందు అతని బల్ల మీదికి పోవడం మొదలైంది. మేనేజరు నరసింహారావు అతన్ని "కరీముల్లా గారూ" అని పిలుస్తాడు. దానయ్యను దానయ్యా అనే పిలుస్తాడు. ఇటువంటివి దానయ్య ఒక్కటీ మరిచిపోడు.

ఇద్దరికీ పాత అలవాటు ఒకటి ఉండేది. డ్యూటీ మారేటప్పుడు దిగిపోయేవాడు ఆనాటి వివరం పైకి చదివి వినిపించాలి, ఎక్కేవాడు "అందింది" అనాలి. కరీముల్లా ఇన్‌ఛార్జి అయిన నాటి నుంచి దానయ్య ఆ మాట అనడం మానేశాడు. తల ఊపేవాడు. ఆఫీసువారి నీలం పుస్తకంలో రాయడమూ మానేశాడు. సొంతంగా ఒక పొడుగు నోటుబుక్కు కొనుక్కుని అందులో రాసుకుంటున్నాడు. కరీముల్లా ఒకటి రెండుసార్లు చూసి ఊరుకున్నాడు. దానయ్య రాయని పూట వివరం కూడా తనే అడిగి తెలుసుకుని నీలం పుస్తకంలో ఎక్కించేవాడు.

బుధవారం పొద్దున డ్యూటీలో ఉండగా కరీముల్లాకు గుండెల్లో పట్టేసినట్టయింది. గ్యాసు అన్నాడు. వాము నమిలాడు. మధ్యాహ్నానికి అతన్ని గుంటూరు ఆస్పత్రికి తీసుకుపోయారు. అప్పటి నుంచి రెండు డ్యూటీలూ దానయ్యే చూస్తున్నాడు. ముఠా కూలీలు ఆటో మాట్లాడుకుని పోయి చూసొచ్చారు. మేనేజరు పళ్ళు పట్టుకుని పోయాడు. పోయినేడు తను పదిరోజులు జ్వరంతో పడుంటే ఎవరొచ్చారు? ఒక్క కరీముల్లా, బత్తాయిలూ బ్రెడ్డు పొట్లమూ పట్టుకుని. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా దానయ్యకు మరింత ఒళ్ళు మండేది. వచ్చినవాడు కూడా వాడే కావాలా?

ఈ ఉదయం కూడా క్యారేజీ చేతికిస్తూ భార్య పాపమ్మ అంది: "నాలుగు రోజులాయె. ఒకసారి పోయి చూసిరాకూడదా?"

"డ్యూటీ ఎవరు చేస్తారే? మీ అన్న చేస్తాడా?"

"మా అన్న నీలాగ మొకం మాడ్చుకోని కూర్చోడులే."

"రేపు గుళ్ళో ప్రార్థన అయినాక పోతా" అన్నాడు. పోవాలని లేదు. సోమవారం యజమాని వస్తున్నాడు. ఇన్‌ఛార్జిగా కరీముల్లాను ఉంచాలో, మరొకరిని పెట్టాలో తేల్చి పోతాడు. ఆ సోమవారం కోసం దానయ్య రెండేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు.

ఎంటరు నొక్కాడు. తెర మీద వరసలు పడ్డాయి. వేలితో ఒక్కొక్కటీ తాకుతూ చదివాడు. సున్నా, ఒకటి, రెండు, నాలుగు, ఐదు, ఆరు.

మూడు లేదు.

మళ్ళీ కొట్టాడు. లేదు. మూడోసారి ఒక్కో అక్షరం అట్టముక్కతో పోల్చుకుంటూ, ఈసారి నేరుగానే చూస్తూ, కొట్టాడు. అవే ఆరు వరసలు.

ఐదు, ఆరు అనేవి కొత్తగా వచ్చినవి. మూడో చాంబరుకు నడుమ గోడ కట్టి, ఒకవైపు మిర్చి, రెండోవైపు శనగలు పెడుతున్నారు. పోయిన వారం, శుక్రవారం సాయంత్రం, హైదరాబాదు నుంచి భవ్య అనే కంపెనీ అమ్మాయి ఫోనులో చెబుతుంటే కరీముల్లా టైపు కొట్టి, మూడో పార్టిషనును ఐదుగా ఆరుగా చీల్చాడు. దానయ్య అప్పుడు కిటికీ దగ్గర వీపు తిప్పి నిలబడ్డాడు. చెవులు రెండూ అటే పెట్టాడు, కానీ ఒక్కమాట అడగలేదు. మర్నాటి నుంచి వరసలు ఏడయ్యాయి. మూడు కూడా ఉండేది, మిగతావాటికి లేని పొడుగాటి అంకె ఒకటి తోకలాగా తగిలించుకుని. అదేమిటో కూడా అడగలేదు. నిన్నటి దాకా తన నోటుబుక్కులో ఏడు అనే రాశాడు.

ముందు భయం వేసింది. లోపల జనం సరుకు ఉంది. పరుగున మూడో చాంబరు దగ్గరికి పోయాడు. తలుపు పక్కన మేకుకు పచ్చటి దూది కోటు వేలాడుతోంది. ఇన్‌ఛార్జి కోసమని యజమాని కొన్నది. ఎవరైనా వేసుకోవచ్చని కరీముల్లా వందసార్లు చెప్పాడు. దానయ్య ఏనాడూ దాన్ని ముట్టుకోలేదు. తువ్వాలు మెడకు చుట్టుకుని తలుపు లాగాడు.

బయట ఏప్రిలు ఎండ. లోపల చలి ఎముకల్లోకి దిగింది. మిర్చి ఘాటు గొంతులో పొడిచింది. మిర్చివైపు థర్మామీటరు ఆరు డిగ్రీలు చూపుతోంది. శనగలవైపు చూశాడు. అక్కడా ఆరే. టిక్కీల మీద చెయ్యి పెట్టి చూశాడు, వాసన చూశాడు. అంతా సవ్యంగానే ఉంది.

దగ్గుకుంటూ బయటికి వచ్చి గోడకు ఆనుకున్నాడు. దగ్గు తగ్గేసరికి భయం కూడా తగ్గింది. దాని చోట్లో ఇంకోటి మెల్లగా వచ్చి కూర్చుంది. సరుకు బాగానే ఉంది. కానీ మూడు పోయింది. పోగొట్టింది కరీముల్లాయే.

గదిలోకి పోయి, రెండేళ్ళ తర్వాత మొదటిసారి నీలం పుస్తకం తెరిచాడు. సోమవారం, ఏడు. మంగళవారం, ఏడు. బుధవారం, ఏడు. గుండ్రటి అక్షరాలు, పక్కనే సంతకం. చాలు, సాక్ష్యం దొరికింది. అంతకుమించి ఒక్క పేజీ కూడా తిప్పకుండా మూసేశాడు. బెల్లంముక్క బుగ్గన పెట్టుకున్నట్టుగా ఉంది.

"ఏంది దానన్నా, మొకం ఎలిగిపోతంది?" అన్నాడు ముఠా మేస్త్రి జక్కయ్య, తలకు గుడ్డ చుట్టుకుంటూ. "మా వదిన ఇయ్యాల కోడిని కోసిందా?"

"తెలిసినోళ్ళం తెలిసినోళ్ళం అని ఎగిరేవాళ్ళ సంగతి ఇయ్యాల బయటపడుద్దిలే."

"ఎవురూ?"

"చూత్తా ఉండు."

మేనేజరు పదకొండింటికి వచ్చాడు. దానయ్య అతను కూర్చునేదాకా కూడా ఆగలేదు.

"మూడోది పోయింది సార్. నిన్న ఏడు, ఇయ్యాల ఆరు. కరీముల్లా పోయేముందు ఏదో నొక్కిపోయాడు."

"ఆయన అట్టాంటి మనిషి కాదే."

"మనిషి మంచోడే సార్. చేతులు ఊరుకోవు. రాకపోయినా అన్నిట్లో ఏలు పెడతాడు." ఆ మాట నోటివెంట ఎంత సులువుగా వచ్చిందో దానయ్యకే ఆశ్చర్యం వేసింది. ఎన్నాళ్ళుగా లోపల నానుతున్నదో మరి.

మేనేజరు నుదురు రుద్దుకున్నాడు. "సరుకెట్టా ఉంది?"

"సరుక్కేం కాలేదు. నేను చూసుకున్నా గదండీ."

"ఉండు, ఆయన్నే అడుగుదాం" అని ఫోను తీశాడు.

అడగొద్దు అనడానికి దానయ్యకు క్షణం టైము ఉంది. ఆస్పత్రిలో ఉన్న మనిషిని ఇప్పుడెందుకు అనవచ్చు. భవ్యను అడుగుదాం అనవచ్చు. అనలేదు. కరీముల్లా నోటితోనే తప్పు ఒప్పుకుంటే వినాలని ఉంది.

ఫోను ఎత్తింది కరీముల్లా కొడుకు రియాజ్. నాన్నను లోపలి వార్డులోకి మార్చారనీ, మధ్యాహ్నం ఒకసారి చూడనిస్తారనీ, అప్పుడు అడిగి చెబుతాననీ అన్నాడు. మేనేజరు ఫోను పెట్టేసి, "సోమవారం అయ్యగారికి చెబుదాం" అన్నాడు. దానయ్య బయటికి వచ్చి, తన బల్ల దాటి పోయి, మెత్త ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. మెత్త నడుమ గుంట పడి ఉంది. తన ఒళ్ళు ఆ గుంటలో సరిగ్గా ఇమడలేదు.

డ్యూటీ మారే వేళకు, రెండింటికి, క్యారేజీ విప్పాడు. పాపమ్మ గోంగూర పప్పు పెట్టింది. ఎప్పుడూ క్యారేజీ మూతలో సగం కూర తీసి అవతలి బల్ల మీదికి జరపడం, అక్కడి నుంచి ఇంకేదో ఇటు రావడం ఉండేది. మాటలు తగ్గినా అది మాత్రం ఆగలేదు. ఈ పూట కూడా మూతలో పప్పు తీసి, జరపబోయి, ఆపాడు. మొత్తం తనే తిన్నాడు.

మూడు దాటాక ఫోను మోగింది.

"చిన్నాన్నా, నేను రియాజ్‌ని."

"చెప్పరా."

"పొద్దున సారు మూడోదేదో పోయిందని అడిగాడుగా. ఒంటిగంటకి లోపలికి పోనిచ్చారు. నాన్నని అడిగా. మాస్కు తీసి చెప్పాడు. అది పోవాల్సిందేనంట. నీలం పుస్తకంలో శనివారం పేజీ చూడమన్నాడు."

"ఇంకేమన్నా అన్నాడా?"

"లేదు. ఆ నాలుగు మాటలకే చానా ఆయాసపడ్డాడు." అవతల ఎవరో ఆడమనిషి ఏడుస్తోంది. కరీముల్లా భార్య హజ్రా బీ గొంతు. రియాజ్ గొంతు తగ్గించాడు. "రెండున్నరకి అయిపోయింది చిన్నాన్నా. ఇంటికి తీసుకొస్తన్నాం. నీకు ముందు చెబుదామని చేశా."

దానయ్య ఫోను బల్ల మీద బోర్లించి పెట్టాడు. మిషను గదిలో కంప్రెసరు ఒకే మోతతో తిరుగుతోంది. నీలం పుస్తకం తెరిచాడు. బుధవారం. తర్వాత తారీఖులు మాత్రం వేసి ఖాళీగా ఉంచిన గురువారం, శుక్రవారం. తర్వాత శనివారం. ముందుగానే రాసిపెట్టుకున్న నాలుగు వరసలు, అవే గుండ్రటి అక్షరాలు.

"ఈరోజు నుంచి మూడు కనపడదు. చీల్చిన రోజే అది మూతబడింది, దాని వెనకున్న పొడుగాటి అంకె ఆ మూతకు గుర్తు. పాత రీడింగులు చదువుకోవడానికని ఏడు రోజులు లిస్టులో ఉంచుతారు, ఆ తర్వాత తీసేస్తారు. తప్పు కాదు. మొత్తం ఆరు అని రాయాలి. దానన్న చూస్తే కంగారుపడి చాంబరులోకి పరుగెత్తుతాడు. కోటు వేసుకుని పొమ్మని ముందే చెప్పాలి."

దానయ్య రెండుసార్లు చదివాడు. మూడోసారి చదవబోతే అక్షరాలు నిలవలేదు.

మేనేజరుకు కూడా కబురు అందినట్టుంది. గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"పోయాడంట."

"అవునండీ."

"ఆ మూడోది..."

"తప్పు కాదండీ. ఆయన రాసిపెట్టాడు. నాకే తెలవలా."

మేనేజరు తల ఊపి, నేలవైపు చూస్తూ అన్నాడు: "నేను అయ్యగారితో మాట్లాడతా. సోమవారం నుంచి ఇక్కడ అన్నీ మీరే చూసుకోవాల. సరేనా, దానయ్య గారూ?"

గారూ అన్న మాట గదిలో కాసేపు ఉండి పోయింది. దానయ్య మెత్త కుర్చీలోంచి లేచి, తన చెక్కకుర్చీని బల్ల దగ్గరికి లాక్కుని, నీలం పుస్తకం ముందు పెట్టుకున్నాడు. ఆ నాలుగు వరసల కింద ఆరు అని రాశాడు. పక్కన కొంచెం చోటు మిగిలింది. చాలాసేపు కలం పట్టుకుని కూర్చుని, అక్కడ "అందింది" అని రాశాడు.

కరీముల్లా ఇంటికి బయలుదేరే ముందు మూడో చాంబరు ఒకసారి చూసి పోవాలి. తువ్వాలు మెడకు చుట్టుకుని తలుపు దగ్గరికి పోయాడు. అక్కడ, మేకుకు, పచ్చటి కోటు వేలాడుతూ ఉంది. దాని రెండు చేతులూ మోచేతుల దగ్గర కాస్త ముందుకు వంగి, ఇంకా టైపు కొడుతున్నట్టే ఉన్నాయి.