గీతల లోపలి స్టూలు

నయాపూల్ దగ్గర షఫీఉద్దీన్ కెమెరా రిపేరు దుకాణం ఎంత ఇరుకంటే, లోపల ఒకరు తుమ్మాలంటే ఇంకొకరు బయటికి నడవాలి. నా భార్య పోయినప్పటినుంచి రోజూ సైదాబాద్‌లో బస్సెక్కి అక్కడికి వెళ్ళి కోతలు కోసేవాణ్ణి. నమ్మకపోయినా వినేవాడు ఆయనొక్కడే. నేను చేరేలోపు ఎవరూ కూర్చోకుండా, బస్సులో సీటు ఆపినట్టు, బల్ల పక్క స్టూలు మీద చేతిరుమాలు వేసి ఉంచేవాడు.

దుకాణం మూసేసి గుల్బర్గాలో కూతురు అతియా దగ్గరికి వెళ్ళిపోతున్నానని ఒకరోజు చెప్పాడు. ఆయన ఫోటో నా దగ్గర ఒక్కటీ లేదు. ఆఖరి రోజున అడిగితే పాత కెమెరా ఒకటి చేతిలో పెట్టాడు. రీలులో ఒక్క ఫోటోకే చోటుంది.

"ఇగ ఇది నీదే, అమర్ భాయ్. కెమెరా ఎనక ఈ చిన్న కిటికీలకెళ్లి చూడు. తెల్ల లకీర్ లోపట ఉన్నదే ఫోటోల వస్తది."

నేను నేలమీద సుద్దగీత కోసం వెతికాను.

"కింద ఏంది చూస్తున్నవ్? లకీర్ కిటికీల ఉంటది!"

కన్ను ఆనించాను. మనిషి చిన్నగా కనిపించాడు.

"ఏంది షఫీ భాయ్, అప్పుడే గంత దూరం పోయినవ్?"

"ఈ కిటికీ మనిషిని ముప్పావు సైజులనే చూపిస్తది. గట్లయితేనే చుట్టుపక్కల జాగా గూడ కనపడ్తది."

"మా ఊళ్ల ఒకాయన ఒక్క ఫోటోల ఊరు మొత్తం పట్టిచ్చిండు. ఒక్క బర్రె తోకనే పక్క ఊళ్ల పడ్డది."

"మొన్న చెప్పినప్పుడు అది మేక ఉండె గదా?"

"మేత మంచిగుంటే పెరగదా మరి?"

ఆయన నవ్వుతూనే ఉన్నాడు. కిటికీలో ఇద్దరు షఫీలు కనిపించారు. లెన్స్ మెల్లగా తిప్పితే ఒకరిమీద ఒకరు వచ్చి ఒక్కడే మిగిలాడు.

"లకీర్ కనపడ్తలేదు."

"నీయి సోడాబుడ్డి అద్దాలాయె, కన్ను కిటికీ దగ్గరికి పోతలేదు. ఇది వెడల్పు లెన్స్, దాని లకీర్లు అంచుకుంటయి. అద్దాలు తీసి చూడు."

తీశాను. అంచుల్లో గీతలు తెల్లగా అలుక్కుపోయినట్టు కనిపించాయి గానీ, షఫీ ముఖం మంచులో కలిసిపోయింది. అద్దాలు పెట్టుకుంటే ముఖం వచ్చింది, గీతలు పోయాయి.

"రెండూ దొరకయి భాయ్. ఏదన్న ఒకటే."

"నాకు నీ మొఖం చాలు" అని నొక్కేశాను.

ఆయన వెళ్ళాక రీలు కడిగించాను. నేను కిటికీలో చూసింది ముఖమొక్కటే. గీతల లోపల ఉన్నదంతా ఫోటోలోకి వచ్చింది: బల్ల, దాని పక్కన నా ఖాళీ స్టూలు. నేను ఎదురుగా నిలబడే ఉన్నా, స్టూలు మీద ఆయన రుమాలు పరిచి ఉంది.

ఇప్పుడా దుకాణంలో మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. కూర్చోవడానికి చోటు లేదు. నిన్న పొద్దున ఇంట్లో ఆ ఫోటోను గోడకు ఆనించి బర్రె సంగతి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి దానికి రెండు తోకలు పెట్టాను.