ఊపిరి పరీక్ష

ఐసీయూలో జయంతి నోట్లోని గొట్టం కదలకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో స్పాంజి బ్రష్‌తో పళ్ళు తోముతుండగా రష్మి జేబులో ఫోన్ గుర్రుమంది. చూడకుండానే ఎవరో తెలుసు. భర్త అవినాష్. పప్పుకి ఎన్ని విజిల్స్ రావాలో, కూతురు ఇషిత లైబ్రరీ పుస్తకం ఏ సంచిలో ఉందో, అత్తగారి బీపీ మాత్ర తెల్లదో గులాబీదో, ఏదో ఒకటి. అమెరికా వచ్చి ఫార్మింగ్టన్ హిల్స్‌లో కొన్న ఇల్లు పేరుకే అక్కడుంది గానీ, నిజానికి రష్మి జేబులోనే కాపురం ఉంటోంది.

వెంటిలేటర్ మీదున్న మనిషి నోరు శుభ్రం చేయడం చిన్న పనేం కాదు. నోట్లో చేరిన మురికి గొట్టం పక్కనుంచి కిందికి జారితే ఊపిరితిత్తులు మళ్ళీ పాడవుతాయి. తల వైపు మంచం దించకూడదు, కఫం పేరుకోకూడదు, వీపు పుండు పడకూడదు. ప్రాణం నిలబెట్టిన ఆ మిషనే, రోజులు గడిచేకొద్దీ ప్రాణం మీదికి తెస్తుంది. ఇంత కాపలా కాసి ఇంటికి వెళితే, "ఎవరైనా అడిగితే నర్సు అనకమ్మా, హాస్పిటల్లో జాబ్ అను, చాలు" అంటుంది అత్తగారు. ఆవిడ మాత్రల డబ్బా నింపేది మాత్రం ఈ నర్సే.

జయంతికి ఫ్లూ ముదిరి న్యుమోనియా అయింది. ఇప్పుడు జ్వరం లేదు, ఎక్స్‌రే బాగుంది. మత్తు తగ్గించి, మిషన్ సాయం తగ్గించి, సొంతంగా ఊపిరి తీస్తుందా అని చూస్తే మాత్రం రెండుసార్లూ తప్పింది. ఇవాళ కూడా తప్పితే గొంతుకి రంధ్రం చేసి గొట్టం పెడతామని డాక్టర్ చెప్పేసింది. పొద్దుట్నుంచీ రష్మికి ఒకటే అనుమానం. తను చూడాల్సింది ఏదో చూడటం లేదు. ఏమిటది?

"జయంతి గారూ, నేనిక్కడే ఉన్నాను. మెల్లగా పీల్చండి."

జయంతి కళ్ళు తెరిచింది. మిషన్ సాయం తగ్గించారు. తెర మీద అంకెలు నిలకడగానే ఉన్నాయి. రష్మి కాస్త కుదుటపడేలోపు జయంతి భర్త రామమోహన్ వచ్చాడు. మంచివాడే. రోజూ పిల్లలిద్దరినీ బడికి పంపి, ఆఫీస్‌కి ముందు వచ్చి, భార్య కాళ్ళకి సాక్స్ తొడిగి, నుదుట విభూతి పెట్టి కళ్ళు తుడుచుకుంటాడు. మొదట్లో మాటలు రాక నిలబడిపోతే రష్మే చెప్పింది, మాట్లాడండి, ఆవిడకి వినబడుతుంది అని. అప్పట్నుంచీ మాట్లాడుతూనే ఉన్నాడు.

"జయా, శ్రేయాస్ సోషల్ సెక్యూరిటీ కార్డ్ ఎక్కడ పెట్టావ్? క్లాజెట్ పై షెల్ఫా, కిందదా? పైదైతే తల ఊపు. నిధికి రోజూ బ్రెడ్డే పెడుతున్నా, తినట్లేదే అది. బట్టల వాషర్‌లో ఏదో ఎర్ర లైట్ వస్తోంది, ఏం నొక్కాలి?"

జయంతి కనుబొమలు ముడిపడ్డాయి. కళ్ళు గదిలో లేని షెల్ఫుల మధ్య వెతకసాగాయి. గొట్టం లాక్కోకుండా మెత్తటి తొడుగు తొడిగిన చెయ్యి గాల్లోకి లేచి, కనబడని బటన్ ఏదో నొక్కబోయింది. ఊపిరి ఎగదన్నింది. అలారం మోగింది. ఇంకో నిమిషం ఇలాగే ఉంటే పరీక్ష ఆపేయాల్సిందే.

అప్పుడు తట్టింది రష్మికి. కిందటిసారీ ఈయన ఇక్కడే ఉన్నాడు, కరెంటు బిల్లు పాస్‌వర్డ్ అడుగుతూ. అంతకు ముందూ ఉన్నాడు. ఊపిరితిత్తులు ఓడిపోలేదు. నోట్లో గొట్టం పెట్టుకుని కూడా ఆవిడ ఇల్లు నడుపుతోంది. రష్మికి ఒళ్ళు మండింది, ఆ వెంటనే భయమూ వేసింది. ఈయన తెలుగు అసోసియేషన్‌లో పెద్దమనిషి, అవినాష్ ఆడే క్రికెట్ టీమ్‌కి కెప్టెన్ కూడా. మాట తూలితే ఇక్కడ మేనేజర్‌కీ అక్కడ అత్తగారికీ కూడా చేరుతుంది.

"రామమోహన్ గారూ, మీరు బయటికి వెళ్ళండి."

"అదేంటమ్మా, మాట్లాడమని నువ్వే కదా అన్నావ్?"

"మాట్లాడమన్నాను. అడగమన్లేదు."

"ఇంటి సంగతులన్నీ తనే కదమ్మా చూసేది! నాకేం తెలుసు?"

"వెళ్ళండి, ప్లీజ్."

"సరే. అవినాష్‌తోనే మాట్లాడతాలే," అంటూ విసురుగా వెళ్ళిపోయాడు.

రష్మి తలుపు మూసి, జయంతి చెయ్యి పట్టుకుంది. "ఇల్లు ఎక్కడికీ పోదు. పాలు పొంగితే పొంగనీండి. ఇప్పుడు మీకున్న పని ఊపిరొక్కటే." అంకెలు వెంటనే దిగలేదు. జేబులో ఫోన్ ఆగకుండా గుర్రుమంటోంది. అసలు తన లెక్కే తప్పయితే? గొంతు కోయడమే మిగిలితే? రష్మి తన ఊపిరి బిగబట్టి ఆవిడ ఊపిరి చూస్తూ కూర్చుంది. ముడిపడ్డ కనుబొమలు మెల్లగా విడివడ్డాయి. అలారం ఆగింది. అరగంట గడిచింది. డాక్టర్ వచ్చి, చూసి, తలాడించింది.

గొట్టం తీసేశారు. దగ్గి దగ్గి, ఎర్రబడ్డ కళ్ళతో జయంతి దిండుకి వాలింది. రామమోహన్‌ని పిలిచారు. భార్య చెయ్యి కళ్ళకద్దుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "బతికొచ్చావ్ జయా, అంతే చాలు." ముక్కు తుడుచుకున్నాడు. "ఇంతకీ ఆ కార్డ్ ఎక్కడ పెట్టావ్?"

జయంతి ఆయన్ని చాలాసేపు చూసింది. తెలుసని ఆ కళ్ళు చెబుతూనే ఉన్నాయి. ఎండిన పెదాలు తడుపుకుని, బొంగురు గొంతుతో మొదటి మాట అంది.

"తెలీదు."

రష్మి బయటికొచ్చి, చేతులు కడుక్కుని ఫోన్ తీసింది. 'రామమోహన్ గారు కాల్ చేశారు, ఏం చేశావ్ నువ్వు?' దాని కింద, 'అమ్మకి ఏ మాత్ర ఇవ్వాలి? డబ్బా మీద పేరుంది, చూడాలా?' దాని కింద, 'పప్పుకి ఎన్ని విజిల్స్?'

ఒక్క మాట టైప్ చేసింది. పంపేసింది.

'తెలీదు.'