మాటల్లేని పాటకు ముద్ర

మా బావమరిది గిటారు తీగ మీటాడంటే మూడో వీధి సెలూన్లో కత్తి దానంతటదే గడ్డం గీసేస్తుంది. పొయ్యి మీద పెట్టకుండానే పాలు పొంగుతాయి. నన్ను కోతలరాయుడని ఊరికే అనరు లెండి.

వాడి బృందంలో నలుగురు. పాడేవాడు మాత్రం లేడు. ఆటస్థలంలో కచేరీ పెట్టాలంటే పాటల్లోని మాటలన్నీ రాసి అనుమతిచ్చే సర్కారు ఆఫీసులో ఇవ్వాలి. రాజకీయం కనబడితే కొట్టేస్తారు. వీళ్లు తెల్లకాగితం ఇచ్చారు. గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి, వెలుతురుకి పెట్టి చూసి, అభ్యంతరం లేదని ముద్ర గుద్దాడు.

నేను ముందు వరసలో కూర్చున్నాను. ఆరో పాటలో బావమరిది ఒక్క తీగనే పట్టుకుని, స్వరాన్ని కింది నుంచి పైకి మెల్లగా లాగి, అక్కడే నిలబెట్టాడు. అచ్చం మా మిల్లు సైరను. చివర్లో ఆ చిన్న వణుకుతో సహా.

మిల్లువాళ్లంతా లేచారు. నిప్పంటుకుంటే ఎలా నడవాలో మిల్లులో మాకు నేర్పారు. అలాగే తోసుకోకుండా, వరసగా గేటుకేసి నడిచారు. ఒక్కొక్కరే ఆగి నావైపు చూశారు. ఆ సైరను మోగించే పని నాది.

మిల్లులో మంటలొచ్చిన రోజు అది మోగలేదు. మీట లాగుతూనే ఉన్నాను. పాడైందని అంతకుముందే మేనేజరుకి మూడుసార్లు చెప్పాను. ముగ్గురు లోపలే ఉండిపోయారు. ఒకాయన మా మామ, అంటే ఈ గిటారువాడి నాన్న. మర్నాడు మేనేజరు ఒక కాగితం మీద నా వేలిముద్ర వేయించుకున్నాడు. సైరను మోగినా వాళ్లే బయటికి రాలేదని అందులో ఉందట. ఆ సంగతి తెలిశాక కూడా నేను నోరు మెదపలేదు. ఇన్ని కోతలు కోసే నోరు.

కచేరీలో ఆ తీగ మోత నా పళ్లలో వణికింది.

కచేరీ మర్నాడు బావమరిదిని ఆఫీసుకి పిలిపించారు. నేనూ వెంట వెళ్లాను. ఆ పాటలో ఏముందో చెప్పకపోతే గిటారు లాక్కుంటామన్నాడు గుమాస్తా. తీగలు తప్ప ఏమీ లేదండీ, ముద్ర మీరే వేశారు కదా అన్నాడు వాడు.

"మాటలుంటే కొట్టేసేవాణ్ణయ్యా. ఇప్పుడు పైవాళ్లకి ఏమని రాయను?"

"మాటలు నా దగ్గరున్నాయి, రాసుకోండి," అన్నాను.

బావమరిది నావైపు తిరిగాడు. "ఇదైనా నిజం చెప్తావా, బావా?"

"ఆ రోజు సైరను మోగలేదు."

గుమాస్తా రాశాడు. చదివి వినిపించమన్నాను. వినిపించాడు. అప్పుడు వేలు చాపాను.