నాలుగు వందల మీటర్లు

పదకొండు గంటల ఆటకు పద్నాలుగు టికెట్లు తీశారు. వచ్చినవాళ్లు పదమూడు మంది. ఖాళీగా ఉన్న సీటు లింగమూర్తి పక్కది. ఆ టికెట్ లింగమూర్తే అదనంగా తీయించాడు. ఎవరికని ఎవరూ అడగలేదు. రెండు రోజులు ఫోను చేతిలో పట్టుకుని తిరిగాడు గాని, ఆ మనిషికి ఫోను చేయలేదు.

"సిద్దిపేట పాత బండ్లు" అన్నది వాళ్ల వాట్సాప్ గ్రూపు. ఆదివారం పొద్దున కోమటిచెరువు కట్ట దగ్గర బండ్లు నిలిపి, బానెట్లు ఎత్తి, చాయ్ తాగుతారు. లింగమూర్తికి అరవై నాలుగేళ్లు. మెదక్ రోడ్డులో బ్యాటరీల షాపు. బండి ఎనభై నాలుగు నాటి ఫియట్. భార్య కొండవ్వకు పెట్రోలు వాసన పడదు, ఎక్కదు. కొడుకు ఏసీ లేదని ఎక్కడు. ఆ బండిలో డ్రైవరు పక్క సీటు పంతొమ్మిదేళ్లుగా ఖాళీగానే తిరుగుతోంది.

సినిమా పాతకాలపు విదేశీ రేసు మీద తీసింది. తెలుగు మాటలు పెట్టి వదిలారు. ఆ రోజుల్లో ఒక్కో కారులో ఇద్దరు కూర్చునేవారు. ఒకడు నడిపేవాడు, రెండోవాడు మెకానిక్. గంటన్నర గడిచాక ఒక కారు రోడ్డు పక్కన ఆగిపోయింది. నడిపినవాడు దిగాడు. విలేకరులు చుట్టుముడితే, "మావాడు నట్టు బిగించలేదు" అన్నాడు. మెకానిక్ వెనక నిలబడి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఆ సీను నిమిషం కూడా లేదు. తర్వాత ఇంకో రేసు మొదలైంది. అందులో ఏ కారు గెలిచిందో లింగమూర్తికి తెలియదు.

ఆట అయ్యాక అందరూ టాకీసు ఎదురుగా చాయ్ హోటల్ ముందు చేరారు.

"ఎనిమిదిసార్లు గేరేసిండు," అన్నాడు కార్తీక్. అతను గ్రూపులో చేరి మూడు నెలలు. "నేను లెక్కపెట్టిన. గా బండికి ఉన్నయే నాలుగు గేర్లు. కడమ నాలుగు యాడికెల్లి తెచ్చిండు?"

"ఇంటికాడికెల్లి తెచ్చుకున్నడు, టిఫిన్ డబ్బాల," అన్నాడు జోయల్. గ్రూపు పెట్టింది అతనే.

"గేర్లు జరంత ఇడిచిపెట్టుండ్రి," అంది శ్వేత. ఆమెకు వాళ్ల తాత నడిపిన జీపు ఉంది. "ఇంజన్ చప్పుడు ఇన్నరా? ఆరు సిలిండర్ల బండికి నాలుగు సిలిండర్ల చప్పుడు పెట్టిన్రు. నాకు చెవులు మూసుకోబుద్ధయింది."

"నీ జీపు చప్పుడింటే మాకు గట్లనే అయితది," అన్నాడు జోయల్.

నవ్వారు. టైర్ల గీతల గురించి మాట్లాడారు. చక్రాల కడ్డీలు ఆ ఏడాదివి కావని ఒకరు ఫోనులో ఫొటో వెతికి చూపించారు.

"కాకా, నువ్వేం మాట్లాడవేంది?" అంది శ్వేత.

"గా మెకానిక్..." అన్నాడు లింగమూర్తి.

"ఏ మెకానిక్?" అన్నాడు కార్తీక్.

"పక్క సీట్ల కూసున్నోడు."

కార్తీక్ జోయల్ వైపు చూశాడు. జోయల్ శ్వేత వైపు చూశాడు. ముగ్గురిలో ఒక్కరికీ అతను గుర్తు లేడు.

"పక్క సీటు ముచ్చటొస్తే అన్నకు లెక్కల సారే యాదికొస్తడు," అన్నాడు జోయల్. "కార్తీక్, నీకు గా కథ తెల్వదు కదా? లెక్కల సారు అన్నను చెరువులకు దించిన కథ. చెప్పన్నా."

ఆ కథ కట్టింది లింగమూర్తే. ఎక్కడ ఆగితే నవ్వుతారో, సారు గొంతు ఎక్కడ పెట్టాలో అతనికి తెలుసు. పంతొమ్మిదేళ్లలో ఎన్నిసార్లు చెప్పాడో తెలియదు.

జరిగింది ఇది. రెండు వేల ఆరులో సిద్దిపేట నుంచి కోహెడ మీదుగా హుస్నాబాద్ పోయి రావడానికి ఒక ర్యాలీ పెట్టారు. ఇరవై ఒక్క బండ్లు. అది వేగం పందెం కాదు. చేతికి ఒక పుస్తకం ఇస్తారు. అందులో ఊర్ల పేర్లు ఉండవు. ఇన్ని కిలోమీటర్ల తర్వాత ఎడమ, ఇన్ని కిలోమీటర్ల తర్వాత కుడి అని మాత్రం ఉంటుంది. చెప్పిన నిమిషానికి చెప్పిన చోట ఉండాలి. ఒకరు నడుపుతారు. పక్క సీటులోని మనిషి దూరం చూపే మీటరు చూసి లెక్క కట్టి మలుపు చెబుతాడు. లింగమూర్తి పక్కన కూర్చున్నది కృపాకర్, హైస్కూలు లెక్కల మాస్టారు.

ముందు రోజు ఇద్దరూ కిలోమీటరు రాళ్ల మీద మీటరును సరిచూసుకున్నారు. ఆ సాయంత్రం లింగమూర్తి వెనక టైర్లు రెండూ తీసి, ఒక సైజు పెద్దవి వేశాడు. రోడ్డు గుంతలకు బండి ఎత్తు ఉండాలనుకున్నాడు. చక్రం పెద్దదైతే అదే దూరానికి తక్కువసార్లు తిరుగుతుంది, మీటరు వెనకబడుతుంది. ఆ సంగతి అతనికి తోచలేదు. పది కిలోమీటర్లకు నాలుగు వందల మీటర్ల తేడా వచ్చింది. సారు ప్రతి మలుపూ బండి దాటిపోయాకే చెప్పాడు. కోహెడ దాటాక ఒక చెరువు కట్ట కింద, మడిలో దిగబడ్డారు.

అప్పటికి సారు మూడుసార్లు అడిగాడు, టైర్లు మార్చినవా అని. మూడుసార్లూ లింగమూర్తి లేదన్నాడు. మొదటిసారి నిజంగానే ఆలోచించకుండా అన్నాడు. మిగిలిన రెండుసార్లు తెలిసే అన్నాడు. సాయంత్రం ఇరవై బండ్ల వాళ్ల ముందు, "మా సారు బడిల లెక్కలు చెప్తడు, బండిల నన్ను చెరువులకు దించిండు" అన్నాడు. అందరూ నవ్వారు. కృపాకర్ పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ బండి ఎక్కలేదు.

"సారు లెక్క తప్పలె," అన్నాడు లింగమూర్తి.

జోయల్ అతని భుజం మీద చెయ్యేశాడు. "చూసిన్రా? గింత జరిగినా దోస్తును ఒక్క మాట అననియ్యడు."

"గ్రేట్ కాకా," అంది శ్వేత.

లింగమూర్తి చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టి బండి దగ్గరికి నడిచాడు.

కృపాకర్ రిటైరై కొండపాకలో ఉంటున్నాడని తెలుసు. అక్కడికి పోయి, ఇల్లు కిరాణా షాపులో అడిగి కనుక్కున్నాడు. నాలుగు కావస్తోంది. కృపాకర్ వాకిట్లో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. జుట్టు మొత్తం తెల్లబడింది. తల ఎత్తాడు.

"లింగమూర్తివా? బండి చప్పుడు మూల మలిగినప్పుడే అనుకున్న," అన్నాడు. కూర్చోమనలేదు, పొమ్మనలేదు.

"సారు, గప్పుడు టైర్లు మార్చిన."

"తెలుసు."

"ఎప్పటికెల్లి?"

"గా రోజు నుంచే. లెక్క రెండుసార్లు చేసిన. తప్పు లెక్కల లేకుంటే బండిలనే ఉండాలె. తెల్లారి మీ ఇంటికొచ్చిన. పాత టైర్లు నీళ్ల డ్రమ్ము పక్కన ఉన్నయి. నువ్వు షాపుకు పోయినవన్నది మీ కొండవ్వ."

"మరి నలుగురిల చెప్పకపోతివి?"

"నేనా చెప్పాల్సింది?" అన్నాడు కృపాకర్. పేపరు మడిచాడు. "బడిల పిల్లలు బోర్డు మీద చెరువు బొమ్మ గీసేటోళ్లు, నేను క్లాసుకు పోయేటాల్లకు. ఒక ఏడాది చూసిన. తర్వాత బదిలీ నేనే అడుక్కున్న."

సారు బదిలీ సర్కారు చేసిందనే లింగమూర్తి ఇన్నాళ్లూ అనుకున్నాడు.

"ఒక్కసారి బండిల కూసుంటవా సారు?"

కృపాకర్ లేచి బండి దాకా వచ్చాడు. పక్క సీటు ముందు, పుస్తకం చదువుకోవడానికి తాను బిగించిన దీపం అక్కడే ఉంది. కిటికీలోంచి చెయ్యి పెట్టి స్విచ్ నొక్కాడు. వెలిగింది. ఆర్పాడు. వెనక టైరు దగ్గర వంగి, దాని మీది సైజు చదివాడు.

"ఇప్పుడు సరైనయే ఉన్నయి."

"గా వారమే మార్చిన."

"టైర్లు వారంల మార్చినవు," అన్నాడు కృపాకర్. నడుం పట్టుకుని నిలబడ్డాడు. "మీ గుంపుల చెప్పినవా?"

"మధ్యాహ్నం చెప్పిన. నమ్మలె."

"ఏమని చెప్పినవు?"

"సారు లెక్క తప్పలె అన్న."

"టైర్లు మార్చిన అన్నవా?"

లింగమూర్తి వెనక టైరు వైపు చూశాడు.

"గది చెప్పు," అన్నాడు కృపాకర్. లోపలికి పోయాడు. తలుపు వేయలేదు. మళ్లీ బయటికి కూడా రాలేదు. లింగమూర్తి పావుగంట చూశాడు.

ఊరు దాటాక బండి రోడ్డు పక్కన ఆపి ఫోను తీశాడు. గ్రూపులో సినిమా మీద నూట పన్నెండు మెసేజీలు వచ్చి ఉన్నాయి. గేర్ల మీద వాదన ఇంకా నడుస్తోంది. అతను టైపు చేశాడు. "2006 ర్యాలీల వెనక టైర్లు నేను మార్చిన. సారు మూడుసార్లు అడిగితే లేదన్న. తప్పు నాది. చెరువు కథ ఇక చెప్పకుండ్రి." పంపించాడు.

ఒక్కొక్కరే చూస్తున్నట్టు తెలుస్తోంది. ఏడుగురు చూశారు, తొమ్మిది మంది, పదకొండు మంది. ఎవరూ ఏమీ రాయలేదు. గేర్ల వాదన కూడా ఆగిపోయింది. అతను పది నిమిషాలు ఆగి ఫోను సీటు మీద పెట్టాడు. ఆదివారం చెరువు కట్టకు పోతే ఎవరెవరు ఉంటారో, ఉన్నా తన బండి పక్కన నిలబడతారో లేదో తెలియదు.

కిలోమీటరు రాయి దగ్గరికి బండి జరిపి, దూరం మీటరును సున్నాకు తిప్పాడు. తర్వాతి రాయి వచ్చేసరికి మీటరు ఒకటి చూపించింది. "ఒకటి," అన్నాడు పైకి. మీటరు రెండు చూపించినప్పుడు పక్కన రెండో రాయి ఉంది. "రెండు," అన్నాడు. రాళ్లకూ మీటరుకూ ఎక్కడా తేడా రాలేదు. సిద్దిపేట వచ్చేదాకా ఒక్కో రాయినీ చెప్పుకుంటూ పోయాడు.