తుప్పు రంగు చేప

నీళ్ళ వెలుగు గోడ మీద ఆడుతోంది.

మధ్యాహ్నం. ఎండ కిటికీలోంచి తొట్టిలోకి దిగి, నీళ్ళలో విరిగి, ఎదురు గోడ ఎక్కింది. తెల్లగోడ నిండా అలలు.

టక్.

అద్దానికి లోపలి నుంచి దెబ్బ.

నీలం చేప. ఆఫ్రికాలో మలావీ అనే సరస్సు ఉంది. దీని వంశం ఆ సరస్సు అడుగున రాళ్ళ సందుల్లోది. సిక్లిడ్ అంటారు. మా ఇంట్లో మాత్రం దీని పేరు పెత్తందారు.

టక్. మళ్ళీ.

అద్దానికి ఆనించిన చెయ్యి నేను తియ్యలేదు. నేను బయటివాళ్ళతో మాట్లాడను. ఇంటికి ఎవరైనా వస్తే వంటింట్లోకి జారుకుంటాను. కొట్టుకు వెళ్తే ఏం కావాలో బాబాయి చెవిలో చెబుతాను, బాబాయి దాన్ని గట్టిగా కొట్టాయనకు చెబుతాడు. తొట్టి ముందు మాత్రం ఎంతసేపైనా కూర్చుంటాను. చేపలు నన్ను మాట్లాడమనవు.

తొట్టి తెచ్చింది బాబాయే. ఆయన ఇళ్ళకు రంగులు వేస్తాడు. ఆయన గోళ్ళలో ఎప్పుడూ ఎవరో ఒకరి గోడ ఉంటుంది. చేపల్ని కూడా రంగు చూసే కొన్నాడు. నీలం పక్కన ఇంకో నీలం, కొంచెం లేతది. ఒకే రంగులో ముదురూ లేతా పెడితే గదికే అందం అన్నాడు.

గదికి అందమే.

నీళ్ళలో... లేత నీలం తోక పీలికలైంది. తర్వాత పొలుసులు రాలాయి. తర్వాత—

అమ్మ దాన్ని కాగితంలో చుట్టి తీసుకెళ్ళింది. తిరిగొచ్చి చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది.

"ఏమయ్యా, ఇది చేపల తొట్టి అనుకున్నావా, కుస్తీ గోదా అనుకున్నావా?" అంది బాబాయితో. "ఇంకొక్క ప్రాణం ఇలా పోయిందంటే తొట్టి ఎవరికైనా ఇచ్చేస్తాను. తర్వాత వదినా వదినా అంటూ నా వెంట పడొద్దు."

"ఈసారి మంచి జోడీ తెస్తాను వదినా."

"నువ్వు తెచ్చిన జోడీ చూశాంగా."

ఈసారి. ఇక ఉన్నది ఈ ఒక్కసారే.

అందుకే చూస్తున్నాను. అద్దం మీంచి చెయ్యి తీస్తే ఆగుతోంది. పెడితే— టక్. నేను వేసుకున్న చొక్కా నీలం.

లేచి వెళ్ళి పసుపు చొక్కా వేసుకుని వచ్చాను. అద్దానికి చెయ్యి ఆనించాను.

చేప వచ్చింది. చూసింది. పక్కకు తిరిగి పోయింది.

మళ్ళీ నీలం. టక్.

మళ్ళీ పసుపు. ఏమీ లేదు.



తన రంగు కనిపిస్తే దానికి పోటీ. వేరే రంగైతే ఎవరో పరాయి. పరాయివాళ్ళతో దానికి గొడవే లేదు. బాబాయి గోడ మీద అందమైనదే నీళ్ళలో యుద్ధం.

బళ్ళో సైన్సు టీచరును అడుగుదామనుకున్నాను. అడగలేదు. లైబ్రరీలో చేపల పుస్తకం దొరికింది. దానిలోనూ అదే ఉంది. ఆ సరస్సు చేపలకు సున్నం కలిసిన గట్టి నీళ్ళు కావాలట. నీళ్ళు కలవాలి. తిండి కలవాలి. గుణం కలవాలి.

రంగు మాత్రం కలవకూడదు.

రంగు మాత్రం కలవకూడదు... బాబాయి వెనకాల కొట్టుదాకా అదే అనుకుంటూ నడిచాను.

చేపల కొట్టు. ఒకదాని మీద ఒకటి తొట్లు. బుడగల చప్పుడు. తడి వాసన. బాబాయిని చూడగానే కొట్టాయన వల అందుకున్నాడు.

"రండి గురూగారూ! మీకోసమే ఆపాను. నెమలికంఠం రంగు. మీ నీలానికి తోడబుట్టినట్టే ఉంటుంది."

"అబ్బ! ఏం షేడయ్యా!"

బాబాయి ముఖం వెలిగిపోయింది. వల నీళ్ళలోకి దిగింది.

బాబాయి చొక్కా లాగాను. ఆయన వంగలేదు. ఆయన కళ్ళు ఆ చేప మీదే. ఆ చెవి నాకు అందలేదు.

వల చేప కిందికి వెళ్ళింది.

"వద్దు."

ఎవరన్నారా అని చూశాను.

నేనే.

"వద్దండీ. తోడబుట్టినట్టుంటేనే చంపేస్తుంది."

వల ఆగింది. బుడగలు ఆగలేదు.

"ఏంటి పాపా?"

కాళ్ళు గుమ్మం వైపు లాగాయి. నిలబడ్డాను.

"మా చేప మగది. దాని రంగుది ఇంకోటి రాకూడదు. ఆ సరస్సువే కావాలి, నెమ్మదైనవి, వేరే రంగువి. ఆ పసుపువి ఇవ్వండి. ఇంకా... అవి."

అట్టడుగున, మూల తొట్టిలో, ఎవరూ వంగి చూడని గోధుమ రంగు చేపలు.

"ఆ తుప్పు రంగువా? మంచివే. ఎవరి జోలికీ పోవు. ఎవరూ అడగరు కూడా."

"తుప్పా!" బాబాయి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "తల్లీ, తుప్పు గీకడానికే కదే జనం నన్ను పిలిచేది! ఇంటికి తీసుకెళ్ళి మేపమంటావా?"

కొట్టాయన నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే అన్నాను:

"అవే కావాలి బాబాయ్. ఒకటి మగది, మిగతావి ఆడవి."

బాబాయి నన్ను చూశాడు. కొత్త రంగు డబ్బా మూత తీసినప్పుడు చూసినట్టు చూశాడు.

"విన్నావుగా," అన్నాడు కొట్టాయనతో. "మా అమ్మాయి చెప్పినట్టు కట్టు."

ఇంటికొచ్చి, కొత్త చేపలు మా నీళ్ళ వేడికి అలవాటు పడాలని, సంచుల్ని తొట్టిలో తేలనిచ్చాం. ఈలోగా చేతులు ముంచి రాళ్ళన్నీ కదిపాను. గుహలు కూలాయి. ఎడమవైపువి కుడికి. కిందివి పైకి. కొత్త సందులు. కొత్త వాకిళ్ళు.

"కుదురుగా ఉన్నవాటిని ఎందుకే కెలుకుతావు?" అంది అమ్మ.

"ఇల్లే మారిపోతే ఇది నాది అనడానికి దానికేమీ ఉండదమ్మా. అప్పుడు అందరూ కొత్తవాళ్ళే."

"ఇన్ని మాటలు ఎక్కడ దాచావే ఇన్నాళ్ళూ?"

సంచి మూతి విప్పాను. పసుపు జారింది. పసుపు వెనక తుప్పు.

పెత్తందారు వచ్చింది. రెక్కలు నిక్కించింది. పసుపును చూసింది. తుప్పును చూసింది.

అమ్మ నా భుజం పట్టుకుంది. గట్టిగా.

పెత్తందారు... తిరిగింది. తన గుహ వెతుక్కుంటూ పోయింది. గుహ లేదు. ఈ రాయి కాదు, ఆ రాయి కాదు. పెత్తనం చేద్దామంటే తన వాకిలేదో దానికే తెలియడం లేదు.

తోకలన్నీ నిండుగా ఉన్నాయి.

మర్నాడూ నిండుగా. ఆ తర్వాతా. ఆ తర్వాతా.

ఎండ దిగే వేళకు తుప్పు తుప్పులా ఉండదు. గోధుమ కింద రాగి, రాగి కింద ఊదా. బాబాయి తన రంగుల కార్డు తెచ్చి, అద్దానికి ఆనించి, ఒక్కో గడీ పోల్చి చూశాడు.

"లేదు. ఈ షేడు నా కార్డులో లేదు. కలపమన్నా కలపలేను."

ఓడిపోయి అంత సంతోషపడిన మనిషిని నేను చూడలేదు.

కొన్ని వారాలకు ఒక తుప్పు చేప తిండి మానేసింది. ముందు చూసింది అమ్మే.

"ఏమేవ్, ఇటురా. ఇది నోరు తెరవట్లేదు. జబ్బా?"

అమ్మ గొంతులో భయం. తొట్టి ఇచ్చేస్తానన్న అమ్మ గొంతులో.

వంగి చూశాను. దవడ కింద ఉబ్బు. పెదవులు బిగబట్టి, లోపల దేన్నో మెల్లగా దొర్లిస్తోంది.

"జబ్బు కాదమ్మా. గుడ్లు! నోట్లో దాచుకుంది. పిల్లలయ్యేదాకా తెరవదు."

"అయ్యో నా తల్లీ, అన్నాళ్ళూ పస్తేనా?"

అమ్మ కుర్చీ లాక్కుని తొట్టి ముందు కూర్చుంది. పెత్తందారుకు వేలు చూపించింది.

"ఒరేయ్, దాని జోలికి వెళ్ళావో... ఉంటుంది నీకు."

మూసిన నోరు. నిండిన నోరు.

ఎప్పుడు తెరుస్తుందో. ఎన్ని పిల్లలు ఈ సందుల్లోకి పారిపోతాయో. వాటిలో నీలానికి ఎదురు నిలిచేది ఏదో...

నీళ్ళ వెలుగు గోడ మీద ఆడుతోంది. ఆ అలల్లో ఒక చిన్న నీడ, దవడ నిండిన నీడ, ఎవరూ తరమకుండా, తొందరేమీ లేకుండా, గోడంతా ఈదుకుంటూ పోతోంది—