ఎడమ చేతి పిడి

"ఎడమ చేత్తోని పప్పు వడ్డిస్తవేందే? చుట్టాల ముంగట ఇజ్జత్ తీస్తున్నవ్."

పెళ్లయిన కొత్తలో మా అత్త భూమవ్వ అన్న మాట. అప్పట్నుంచి పదిహేడేళ్లు నలుగురిలో ఆ చేతిని కొంగు కిందే దాచుకున్నాను. పొలంలో మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. అక్కడ పని జరిగితే చాలు, ఏ చెయ్యయితే ఎవరికేం! బోధన్ పక్కన మాకు చెరుకు తోట. నారు పోయాలంటే గడల కణుపుల దగ్గర మొలకెత్తే కన్నులు కోయాలి, కన్నుకు గాటు పడితే మొలక రాదు. కత్తి జారి నా బొటనవేలు రెండుసార్లు తెగింది. కసి పుట్టింది. పాత కుట్టుమిషన్ పెడల్‌కు వంపు కత్తి బిగించి, నా వాటానికి పిడి ఎడమవైపు పెట్టి, మూడేళ్లు తంటాలు పడ్డాను. చివరికి కన్ను చెక్కుచెదరకుండా ఊడిపడింది. అప్పటిదాకా మా ఆయన మల్లికార్జున్‌కు అది "నీ తుక్కు". రైతులు వచ్చి అడిగాక "మన మిషన్". నిన్న నిజామాబాద్ బస్సెక్కేసరికి "నా మిషన్" అయిపోయింది.

అక్కడ పేటెంటు కాగితాలు రాసే ఉమారాణి మేడం ఆయన్నే చూస్తూ చెప్పింది. "పేటెంటొస్తే ఇరవై ఏండ్లు మీ పర్మిషన్ లేకుంట ఎవ్వరు దీన్ని చేసి అమ్మద్దు. ఎంత పెద్ద కంపెనీ అయినా మిమ్మల్ని అడగాల్సిందే."

పర్మిషన్! మా ఇంట్లో నన్నెవరడిగారు? పుట్టింటికి పోవాలన్నా నేనే అడిగేదాన్ని.

ఆయన గీయించి తెచ్చిన బొమ్మ చూశాను. పిడి కుడివైపు ఉంది!

"గిటు కాదు," అన్నాను.

"ఎడమకుంటే నవ్వుతరే. నేనే సీదా చేయించిన."

ఒళ్లు మండిపోయింది. "కుడికి పెడితే కత్తి వంపు తిరగబడి కన్ను మీదనే పడ్తది మేడం. ఒక్క మొలక రాదు."

మేడం పెన్ను ఆపింది. "కనిపెట్టింది ఎవరు? తప్పు పేరు రాస్తే రేపు పేటెంటే నిలబడదు."

"ఇంట్ల ఇద్దరం ఒక్కటే కద మేడం," అన్నాడు ఆయన నవ్వుతూ. "నా పేరు రాయుండ్రి."

"ఒక్కటే అయితే నా పేరే రాయుండ్రి," అన్నాను. "పుష్పలత."

ఆయన నవ్వు ఆగిపోయింది. కొంగు కింద నుంచి ఎడమచెయ్యి తీసి సంతకం పెట్టాను.

తిరుగు బస్సులో ఆయన బోధన్ దగ్గర పడ్డాక గొణిగాడు. "చందూర్ రైతు పోశన్నకు అసొంటి మిషన్ చేసిస్తనని మాటిచ్చిన. రేపు మొదలుపెడ్త."

"నన్నడిగి మొదలుపెట్టుండ్రి," అన్నాను.