ఎడమచేతి సరం

ఊరంతా చెప్పింది ఒకటే మాట. "ఒక్క పటాసు సరం కాల్చు చిన్నతాయీ, ఎలుగుబంటి మళ్ళీ ఈ దిక్కు చూడదు." చెప్పేవాళ్ళకేం పోయింది, నోరే కదా! మా ఇంట్లో పటాసు కాలక మూడేండ్లయింది. దీవాళి దినం కూడా తలుపు మూసుకొని కూర్చుంటాము.

మా సంగవి శివకాశి పక్క ఒక పటాసు కంపెనీలో సరాలు అల్లేది. పటాసుల వత్తులన్నీ ఒకే దారానికి చేర్చి జడ మాదిరి అల్లే పని. పొద్దున వ్యాను వస్తే ఎక్కిపోయేది, సాయంత్రం అదే వ్యానులో దిగేది. ఒక దినం వ్యాను వచ్చింది, నా బిడ్డ రాలేదు. గది పేలిపోయిందన్నారు. బిడ్డను నాకు చూపించలేదు, నేనూ అడగలేదు.

అది పోయినాక మిగిలినవి పెరట్లో నాలుగు తేనెపెట్టెలు. కోవిల్పట్టికి పోయి మూడు దినాలు నేర్చుకొని వచ్చి పెట్టింది. "ఇవి పదైతే కంపెనీ మానుకుంటానమ్మా" అనేది. నాలుగు దగ్గరే నిలిచిపోయింది. మా ఇంటాయన లక్ష్మణసామికి అంతవరకు తేనెటీగంటేనే బయం. బిడ్డ పోయినాక ఆయనే వాటికి తల్లీ తండ్రీ అయినాడు.

ఈ ఐప్పసి మాసంలో, దీవాళి నెలలో, వానలు పట్టుకున్నాక, ఎలుగు కొండ దిగింది. ఈ ఏడాది కొండలో పండ్లు లేవంట. దానికి మాత్రం ఆకలి ఉండదా? ఒకనాడు ఒక పెట్టె, మర్నాడు రెండు. పలకలు పీకి, తేనె పట్టు మైనంతో సహా నమిలి పోయింది. కంచె మీద ముండ్లు వేస్తిమి, డబ్బాలు కడితిమి. నా తలకాయ! ఆ డబ్బాలు మోగించుకుంటూనే వచ్చింది, మేళతాళాలతో పెండ్లికి వచ్చినట్టు.

మిగిలింది ఒక్క పెట్టె. విరుదునగరం నుంచి ఫారెస్టాయన వచ్చి, దాన్ని చీకటి పడితే ఇంట్లో పెట్టుకోండని తమిళంలో చెప్పి పోయినాడు. సరే, మోసుకొస్తాము. అయితే సంగవి ఒక మాట చెప్పి ఉండె: మేతకు పోయిన ఈగలన్నీ తిరిగి వచ్చినాకనే పెట్టె కదిలించాల, లేదంటే బయట ఉన్నవి ఇల్లు తెలియక చస్తాయని. అందుకని పొద్దుగూకేదాకా ఆయన పెట్టె పక్కనే పీట వేసుకొని కూర్చుంటాడు. నేను తలుపు కాడ నిలబడి "అన్నీ వచ్చినాయా?" అంటాను. "ఇంకా ఉండాయి, ఉండు" అంటాడు. ఆ దినం వ్యాను కాడ నేనూ అట్లనే నిలబడి ఉంటిని.

ఒక సాయంత్రం తుంపర. ఈగలు ఒకటొకటిగా వస్తా ఉండె. ఇంకా వెలుతురు ఉండగానే కంచె విరిగిన సద్దు. ఎలుగు! తడిసి, బక్కచిక్కి ఉంది. ఆయన పీట మీంచి లేచినాడు గాని పరిగెత్తలేదు. కట్టె పట్టుకొని పెట్టెకు అడ్డం నిలబడినాడు.

"రావయ్యా లోపలికి! పెట్టె పోతే పోనీ!" అని అరిస్తిని.

"ఇంకా వస్తా ఉండాయే" అన్నాడు, తిరిగి చూడకుండానే.

ఎలుగు వెనక కాళ్ళ మీద లేచి నిలబడింది. నేను స్టీలు తట్ట మోగిస్తిని, గొంతు చినిగేట్టు కేకలు వేస్తిని. అది కదల్లేదు.

ట్రంకు పెట్టెలో, సంగవి చీరలో చుట్టిన సరం ఒకటి ఉంది. దాని ఆఖరి దీవాళికి కంపెనీవాళ్ళు ఇచ్చింది. "నేను అల్లిందే కావాలని అడిగి తెచ్చుకున్నానమ్మా" అని చూపించింది. నా బిడ్డది ఎడమచేతి వాటం. అందరి అల్లిక ఒక దిక్కు తిరిగితే దానిది ఇంకో దిక్కు తిరుగుతుంది. మూడేండ్లుగా, మనసు తాళనప్పుడు, తీసి వేళ్ళతో తడిమి మళ్ళీ పెట్టేసేదాన్ని. దాని జడ తడిమినట్టే ఉండేది.

తీస్తిని. పొయ్యిలో కొరివి పట్టుకొని పరిగెత్తితిని. వత్తికి నిప్పు పెడితిని. ఎలుగు ముందరికి విసిరేస్తిని. చెవులు మూసుకోలేదు. సంగవి చేతిపని, ఒక్కొక్క ముడీ, వినాలనిపించింది. నా బిడ్డ పోయిన దినం కూడా ఇట్లనే వినిపించి ఉంటుందా అని బోరుమని ఏడిస్తిని.

ఎలుగు కొండ దిక్కు పరుగు తీసింది. ఆయనకు గీత కూడా పడలేదు. పెట్టె నిలిచింది. ఆ రాత్రి దాన్ని మా ఇద్దరి నడుమ పెట్టుకొని పడుకుంటిమి.

మర్నాడు బయట పెడితే, వాన వెలిసినాక, ఈగలన్నీ ఒక్కసారిగా బయటికి వచ్చినాయి. పెరడంతా గుమ్మని తిరిగినాయి. అంత సద్దు, అంత మందు పొగ వాటికి పడలేదు. వాటిని కిందికి దించాలని ఆయన నీళ్ళు చల్లినాడు, మన్ను చల్లినాడు, "పోవద్దమ్మా, పోవద్దు" అని చేతులు చాపినాడు. అవి కొండ దిక్కే పోయినాయి. సరమూ పోయె, ఈగలూ పోయె. నా చేతులారా నేనే రెండూ పోగొట్టుకుంటిని.

మునిమాపు చూస్తే ఆయన మళ్ళీ పీట వేసుకొని ఖాళీ పెట్టె పక్కన కూర్చొని ఉన్నాడు. తుంపర పడుతోంది. నాకు కోపం వచ్చింది. ఎవరి కోసం కాసుకొని ఉండావు, లేచి రా అని నాలుగు మాటలు అనేద్దామనే పోతిని.

"ఇంకా ఉండాయి, ఉండు" అన్నాడు.

ఇంకో పీట తెచ్చుకొని పక్కన కూర్చుంటిని.